బయట కొత్త టైరు.. లోపల తీగలు!

రాత్రి పదకొండు దాటింది. కావలి దగ్గర హైవే పక్కన ఒక పంక్చర్ షాపు. ట్యూబ్‌లైట్ వెలుతుర్లో నా కారు. వెనక సీట్లో అమ్మ, చెల్లి. విజయవాడ నుంచి తిరుపతి వెళ్తున్నాం. పొద్దున తొమ్మిదింటికి దర్శనం. ముందు ఎడమ టైర్లో గాలి తగ్గుతున్నట్టు అనిపించి ఆపా. మేకేదో దిగి ఉంటుంది, పది నిమిషాల పని అనుకున్నా.

షాపులో ఉన్నది పెద్దాయన. జాకీ తీసుకొచ్చి, కారు ఎత్తకుండానే అడిగాడు.

"టైర్లు ఎప్పుడు మార్చినావు అబ్బయా?"

"నాలుగు నెలలే అయింది బాబాయ్. చూడండి, గాడులు ఎంత లోతుగా ఉన్నాయో."

"స్టీరింగ్ పూర్తిగా తిప్పు."

తిప్పా. ఆయన వంగి, చక్రం లోపలి వైపు టార్చ్ కొట్టి నన్ను పిలిచాడు. బయటి అంచున గాడిలో వేలి కొన దిగుతోంది. అదే టైరు, లోపలి అంచున గాడి లేదు సరికదా రబ్బరే లేదు. రెండు వేళ్ల వెడల్పున నున్నటి నల్లటి పట్టీ.. దాని మధ్యలో తళుక్కుమంటున్న సన్నటి స్టీలు తీగలు. చెయ్యి పెట్టబోతే ఆపాడు. "వద్దులే, గుచ్చుకుంటాయి."

కుడి టైరు కూడా చూశాం. సేమ్ టు సేమ్.

పది నిమిషాల క్రితం వరకు నేను వందలో వస్తున్నా. సింగరాయకొండ దాటాక వాన కూడా పడింది. "నిద్రపోకురా, మెల్లగా వెళ్లు" అని అమ్మ అంటుంటే, "రేస్ ట్రాక్ మీద తోలేవాడినమ్మా, నాకు చెప్తావా" అని జోక్ కూడా వేశా.

స్టెప్నీ ఒక్కటే. పాడైంది రెండు టైర్లు. "ఒకటి వేసుకొని మెల్లగా పోతాం బాబాయ్" అంటే ఆయన ఒప్పుకోలేదు. "రెండోదానికి ఏం చేస్తావు? ఆడోళ్లను ఎక్కించుకొని వీటి మీద పొమ్మని నేను చెప్పను" అన్నాడు. ఆ రాత్రి లాడ్జిలో పడుకున్నాం. పొద్దున టైర్ల షాపు తీసి, రెండు టైర్లు మార్చేసరికి పదిన్నర. అమ్మ ఎన్నో రోజులు ఫోన్ పట్టుకొని కూర్చుంటే దొరికిన 300 రూపాయల దర్శనం టికెట్లు ఆ పూట అలా పోయాయి. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ తప్పు టైరు కంపెనీది కాదు, రోడ్డుది కాదు, మెకానిక్‌ది అసలే కాదు. అడిగి మరీ నేను చేయించుకున్నదే. అదెలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చెన్నైలో మొదలైంది

మాది పాత హ్యాచ్‌బ్యాక్. ఆఫీసుకి అదే, ఊరికి అదే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. శ్రీపెరుంబుదూర్ వెళ్లే దారి. దాదాపు 3.7 కిలోమీటర్ల సర్క్యూట్. అక్కడ ట్రాక్ డేలు పెడుతుంటారు. ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకొని, మన కారే మనం తోలుకోవచ్చు. రోడ్డు మీద చేయకూడనివన్నీ అక్కడ చేయొచ్చు, ఎదురుగా లారీ రాదు. ఒకసారి వెళ్లొస్తే తగులుకుంటుంది. నాకూ తగులుకుంది.

మొదటిసారి వెళ్లొచ్చాక టైర్లు చూసి గుండె జారింది. ముందు రెండు టైర్ల బయటి అంచులు కొరికేసినట్టు అయ్యాయి. ఎడమది మరీ దారుణం. మధ్యలో, లోపల మాత్రం ఏమీ కాలేదు. అంటే అప్పుడు నా సమస్య కావలిలో చూసినదానికి సరిగ్గా వ్యతిరేకం! బయట పోయింది, లోపల మిగిలింది.

ఎడమదే ఎందుకు? అది సవ్యదిశలో తిరిగే ట్రాక్. గడియారం ముల్లు తిరిగినట్టు. అంటే మొత్తం మీద కుడి మలుపులదే పెత్తనం. బస్సు కుడికి తిరిగితే మనం ఎడమకి ఒరుగుతాం కదా, కారు బరువు కూడా అంతే. సుమారు లెక్క వేసి చూద్దాం. వెయ్యి కిలోల కారు, గురుత్వ కేంద్రం నేలకి అర మీటరు ఎత్తులో, ఎడమ కుడి చక్రాల మధ్య 1.45 మీటర్ల దూరం. మామూలు రోడ్డు టైర్లతో గట్టిగా తిరిగితే పక్కకి 0.8 జీ దాకా వస్తుంది. అప్పుడు దాదాపు 275 కిలోల బరువు కుడి నుంచి ఎడమకి మారిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు చెరో 500 కిలోలు మోసే చక్రాలు, మలుపులో ఎడమవైపు 775, కుడివైపు 225 అవుతాయి. పైగా మనవి చాలావరకు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు. ఇంజిన్ ముందే, లాగేదీ ముందు చక్రాలే, తిరిగేదీ అవే, బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ అవే. వెనక చక్రాలు పిక్నిక్‌కి వచ్చినట్టు వస్తాయంతే. గట్టి మలుపులో లోపలివైపు వెనక చక్రం ఏకంగా గాల్లోకి లేచిన ఫొటోలు మీరు చూసే ఉంటారు.

సరే, ఎడమ ముందు టైరు మీదే భారం. మరి దాని బయటి అంచే ఎందుకు అరిగింది? ఇక్కడే క్యాంబర్ అనే మాట వస్తుంది.

కారు ముందు నిలబడి చక్రాన్ని చూడండి. నిటారుగా ఉంటే క్యాంబర్ సున్నా. పైభాగం కారు లోపలికి వాలితే నెగెటివ్, బయటికి వాలితే పాజిటివ్. మామూలు కార్లని దాదాపు నిటారుగా ఇస్తారు. ఒక డిగ్రీలోపు నెగెటివ్ ఉంటుంది. రోడ్డు మీద టైరు సమానంగా అరగాలంటే అదే సరైనది. కానీ ట్రాక్ మీద కారు బాడీ మలుపులో మూడు డిగ్రీలు ఒరిగిందనుకోండి, చక్రం కూడా చాలావరకు దాంతోపాటే బయటికి ఒరుగుతుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ముందువైపు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌కి దీన్ని సరిచేసుకునే శక్తి తక్కువ. దాంతో అరచెయ్యంత ఉండాల్సిన కాంటాక్ట్ కాస్తా, అరచేతి అంచంత మిగులుతుంది. ఆ అంచు మీదే కొన్ని వందల కిలోలు పక్కకి జారుతుంటాయి. అరగక ఏం చేస్తుంది?

ఇంట్లో పాత హవాయి చెప్పులు ఉంటే తిరగేసి చూడండి. మడమ బయటివైపు అరిగిందా, లోపలివైపా అన్నదాన్ని బట్టి మీరెలా నడుస్తారో చెప్పేయొచ్చు. టైరు కూడా అంతే. కాకపోతే చెప్పు తిరగేసి చూడటం తేలిక.

నేను చేసిన ఘనకార్యం

మందు కూడా క్యాంబరే. చక్రాన్ని ముందే లోపలికి వాల్చి ఉంచితే, మలుపులో ఒరిగేసరికి నేలకి సరిగ్గా ఆనుతుంది. స్ట్రట్‌ని చక్రానికి కలిపే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబర్ బోల్ట్ వేస్తారు. దాని నడుం మధ్యకి కాకుండా ఒక పక్కకి ఉబ్బి ఉంటుంది. తిప్పితే చక్రం వాలుతుంది. మా కారుకి ఈ బోల్టులతో మైనస్ 1.8 డిగ్రీల దాకా వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ట్రాక్‌లో ఒక సీనియర్ కుర్రాడు "కొంచెం టో అవుట్ కూడా పెట్టించు బ్రో, మలుపులోకి దూరేటప్పుడు కారు కత్తిలా తిరుగుతుంది" అన్నాడు. అది నిజమే. అబద్ధం చెప్పలేదు.

టో అంటే పాదాల వ్యవహారం. పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాల ముక్కులు లోపలికి చూస్తుంటే టో ఇన్, బయటికి చూస్తుంటే టో అవుట్. మీ పాదాల్ని బయటికి తిప్పి నిలబడి, అలాగే తిన్నగా నడవడానికి ప్రయత్నించండి. నడవగలరు. కానీ ప్రతి అడుగులో అరికాలు కొంచెం ఈడ్చుకుపోతుంది. టైరు పరిస్థితి కూడా అదే.

నేను ఒక్కో చక్రానికి 2 మిల్లీమీటర్ల టో అవుట్ పెట్టించా. అలైన్‌మెంట్ చేసే అతను రెండుసార్లు అడిగాడు, "స్క్రీన్ మీద ఎర్రగా వస్తోంది సార్, పర్లేదా?" అని. "ట్రాక్ కోసం" అన్నా గర్వంగా. ట్రాక్ మీద కారు నిజంగానే కత్తిలా తిరిగింది. కొత్త టైర్ల బయటి అంచులు ఈసారి చెక్కుచెదరలేదు. ఇంటికొచ్చాక టో మళ్లీ సున్నాకి పెట్టించాలి. వచ్చే ఆదివారం పెట్టిద్దాంలే అనుకున్నా. నాలుగు నెలలు, ఆరు వేల కిలోమీటర్లు గడిచాయి. మధ్యలో ఇంకో ట్రాక్ డే కూడా అయింది.

పక్కకి 30 కిలోమీటర్లు

15 అంగుళాల రిమ్ మీద 2 మిల్లీమీటర్లంటే దాదాపు 0.3 డిగ్రీలు. కంటికి కనపడదు. కానీ లెక్క చూడండి. చక్రం 0.3 డిగ్రీలు పక్కకి చూస్తూ కిలోమీటరు ముందుకెళ్తే, అది పోవాలనుకున్న దారికీ పోయిన దారికీ మధ్య తేడా 5 మీటర్ల పైనే. ఆ 5 మీటర్లు టైరు పక్కకి రాసుకుంటూ పోయినట్టే. రబ్బరు కొంత సాగుతుంది కాబట్టి మొత్తం జారుడే అనలేం గానీ, అరుగుదల దిశ మాత్రం అదే. ఆరు వేల కిలోమీటర్లకి లెక్క 30 కిలోమీటర్లు దాటుతుంది. అంటే విజయవాడ నుంచి గుంటూరు దాకా టైర్లని అడ్డంగా ఈడ్చుకెళ్లినంత పని!

ఇక్కడ మైనస్ 1.8 క్యాంబర్ ఏం చేసిందంటే, తిన్నటి రోడ్డు మీద బరువుని లోపలి అంచు మీదకి నెట్టింది. టో అవుట్ ఆ అంచునే పట్టుకొని గీకింది. ఒకటి బలిపశువుని చూపించింది, ఇంకోటి కత్తి పట్టింది. క్యాంబర్ ఒక్కటే ఉంటే టైరు ఒకవైపు అరిగేదే, కాదనను. కానీ చాలా నెమ్మదిగా. టైర్లని నిజంగా తినేసేది టో. ట్రాక్ డే కుర్రాళ్లలో చాలామంది క్యాంబర్‌ని చూసి భయపడతారు, టోని పట్టించుకోరు. నా దృష్టిలో అది తలకిందుల భయం.

ఇంకో మెలిక కూడా ఉంది. క్యాంబర్ మార్చితే టో దానంతటదే మారిపోతుంది. చక్రం లోపలికి వాలింది గానీ దాన్ని పట్టుకున్న స్టీరింగ్ రాడ్ పొడవు మారలేదు కదా. టో ఏ వైపుకి మారుతుందన్నది స్టీరింగ్ రాక్ చక్రాలకి ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఎప్పుడూ క్యాంబర్ ముందు, టో తర్వాత. క్యాంబర్ బోల్టులు వేయించుకొని "అలైన్‌మెంట్ తర్వాత చూద్దాంలే" అని వచ్చేసేవాళ్లు మీ ఫ్రెండ్స్‌లో ఉంటే ఇది చదివించండి.

ఈ తప్పు మనలాంటివాళ్లే చేస్తారని కాదు. 2011లో బెల్జియం గ్రాండ్ ప్రి. స్పా ట్రాక్. టైర్లు ఇచ్చే పిరెల్లీ ముందు చక్రాలకి 4 డిగ్రీల క్యాంబర్ మించొద్దని సూచించింది. రెడ్ బుల్ టీమ్ కాస్త మించి పెట్టింది. క్వాలిఫయింగ్‌కే ముందు టైర్ల లోపలి అంచుల్లో బొబ్బలు లేచాయి. ఆ దశలో సెటప్ మార్చితే పిట్ లేన్ నుంచి స్టార్ట్ చేయాల్సిందే. చివరికి వెటెల్, వెబ్బర్ ఇద్దరూ రేసు మొదట్లోనే టైర్లు మార్పించుకొని, తర్వాత మొదటి రెండు స్థానాలూ కొట్టారు. వాళ్లకి పిట్‌లో కొత్త సెట్లు సిద్ధంగా ఉంటాయి. మనకి డిక్కీలో ఒక్క స్టెప్నీ.

చేత్తో తడిమితే తెలిసిపోతుంది

కొత్త కారు టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారుకి కనీసం 1.6 ఉండాలి. గాడి అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెల్లాంటివి కనిపిస్తాయి. రబ్బరు వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ఇదంతా చాలామందికి తెలుసు. కానీ చూసేది ఎక్కడ? నిలబడి కనిపించే బయటి అంచులోనే. నేనూ అదే చేశా. సగటు తీసి సంతోషపడటానికి టైరు మార్కుల లిస్టు కాదు కదా. ఒక్క సబ్జెక్టు పోయినా ఫెయిలే.

లోతు కొలిచే చిన్న గేజ్ రెండు మూడొందల్లో దొరుకుతుంది. లోపల, మధ్య, బయట.. ఒక్కో టైరుకి మూడు చోట్ల కొలవండి. స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పితే ఒక చక్రం లోపలి అంచు, రెండోవైపు తిప్పితే ఇంకో చక్రం లోపలి అంచు బయటపడతాయి. వెనకవాటికి మాత్రం నేల మీద పడుకోవాల్సిందే.

గేజ్ లేకపోతే అరచెయ్యి చాలు. తీగలు కనపడుతున్నాయేమో ముందు చూసి, అప్పుడు పెట్టండి. టైరు మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్లలా తగిలితే అనుమానించాల్సింది టోనే. ఇది మొదటి హెచ్చరిక, తీగలు కనపడటానికి చాలా ముందే వస్తుంది. చుట్టూ తిప్పుతూ తడిమితే గుంటలు గుంటలుగా తగిలిందా? షాక్ అబ్జార్బర్ల పని అయిపోయి చక్రం ఎగురుతూ పోతోందని అర్థం, లేదా బ్యాలెన్సింగ్ తప్పింది. ఏబీఎస్ లేని పాత కారులో బ్రేకు తొక్కి లాక్ చేస్తే ఒకే చోట చదునుగా కోసినట్టు ఉంటుంది. అది దాచినా దాగదు. స్టీరింగే వణుకుతూ ఊరంతా చెప్తుంది. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఇది స్కూటీ ఉన్నవాళ్లకి కూడా తెలిసిందే.

అన్నీ చూశాక కూడా అంతుపట్టకపోతే బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించండి. లోయర్ ఆర్మ్ బుష్ అరిగిపోతే, మెషీన్ మీద పచ్చగా కనిపించిన టో కాస్తా బ్రేకు వేసినప్పుడల్లా మారిపోతుంటుంది. అలాంటి కారుకి వంద సార్లు అలైన్‌మెంట్ చేయించినా డబ్బులు దండగ. అసలు ఆ పచ్చ రంగుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. పచ్చ అంటే ఒక పరిధి, ఒక అంకె కాదు. పరిధికి ఈ చివర ఉన్నా పచ్చే, ఆ చివర ఉన్నా పచ్చే. ముందూ తర్వాతా ప్రింట్ ఇమ్మని అడగండి. అందులో టో అంకెలు చదవండి.

గాలి కథ వేరే ఉంది

ట్రాక్ మీద సెషన్ మొదలుపెట్టేటప్పుడు 30 పీఎస్ఐ ఉంటే, నాలుగైదు ల్యాపుల తర్వాత 36, 37 అవుతుంది. టైరు లోపలి గాలి వేడెక్కుతుంది కాబట్టి. సుమారు ఐదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ పెరుగుతుందని అనుకోవచ్చు. చెన్నై ఎండలో ఇంకా త్వరగా. అందుకే అక్కడ చల్లటి ప్రెషర్ కాదు, పిట్‌లోకి రాగానే వేడి మీద చూసిన ప్రెషర్‌తో లెక్క. మరీ తక్కువ పెడితే టైరు పక్కకి మడతపడి గోడల మీద నడుస్తుంది. బయటి అంచు అరగడానికి క్యాంబర్ తర్వాత రెండో కారణం ఇదే.

మడత పడుతోందా లేదా అని చూడటానికి పైసా ఖర్చులేని చిట్కా ఉంది. చాక్‌పీస్‌తో టైరు అంచు మీద నుంచి పక్క గోడ దాకా ఒక గీత గీయండి. రెండు ల్యాపులు తోలి రండి. గీత ఎక్కడి దాకా చెరిగిందో టైరు అక్కడి దాకా నేలకి తగిలింది. చాలా టైర్లకి అంచు దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. నిజానికి అది ఇందాక చెప్పిన దిమ్మెలు ఎక్కడున్నాయో చూపించడానికి. ఆటోక్రాస్ వాళ్లు మాత్రం చాక్ ఆ త్రికోణం దాకా చెరిగితే చాలు, అది దాటితే గాలి పెంచాలి అని ఒక కొండగుర్తు పెట్టుకున్నారు.

ఇంకొంచెం సీరియస్‌గా ఉండేవాళ్లు టైరు వేడి కూడా కొలుస్తారు. సూదిలా రబ్బరులోకి గుచ్చే థర్మామీటర్ మంచిది. దూరం నుంచి చూపించే గన్ అయితే పైపొర వేడే చెప్తుంది, పిట్‌లోకి వచ్చేలోగా అది చల్లారిపోతుంది. బయటి అంచు బాగా వేడిగా ఉంటే క్యాంబర్ చాల్లేదు. లోపలి అంచు కాస్త వేడిగా ఉండటం మామూలే. మధ్య భాగం రెండంచుల కంటే వేడెక్కితే గాలి ఎక్కువైంది. రబ్బరు అరగక ముందే వేడి చెప్పేస్తుంది, అదీ దీని లాభం.

ఒక్కటి మాత్రం అస్సలు మర్చిపోవద్దు. ట్రాక్‌లో వేడి మీద తగ్గించిన గాలి, సాయంత్రం టైరు చల్లారాక ఇంకా తగ్గిపోతుంది. అలసిపోయి, ఆకలేసి, ఆ గాలితోనే హైవే ఎక్కి వందలో ఇంటికి తోలేవాళ్లు ఉన్నారు. గాలి తక్కువున్న టైరు ఎక్కువ మడతపడుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ట్రాక్ మీద 25 నిమిషాలు కాదు, హైవే మీద ఐదు గంటలు. గేటు దాటే ముందు గాలి కొట్టించుకోండి.

దారం, స్కేలు

కావలి తర్వాత కొన్నాళ్లు ట్రాక్ మానేద్దామనే అనుకున్నా. మానలేదు. కాకపోతే ఒకే కారు అటూ ఇటూ తిరగాలంటే ఎక్కడో ఒకచోట రాజీపడాలని అర్థమైంది. డబ్బున్నవాళ్లు రెండో సెట్ చక్రాలు కొనుక్కొని, ట్రాక్‌కి వేరు, రోడ్డుకి వేరు వాడతారు. నేను టో సంగతి నేర్చుకున్నా.

తాపీమేస్త్రీ గోడ తిన్నగా రావడానికి దారం కడతాడు చూడండి, అచ్చం అదే. కారుకి రెండు పక్కలా నాలుగు స్టాండ్లు పెట్టి, చక్రాల మధ్య ఎత్తులో కారుకి సమాంతరంగా నైలాన్ దారం లాగాలి. దారం నుంచి రిమ్ ముందు అంచు ఎంత దూరం, వెనక అంచు ఎంత దూరం స్టీలు స్కేలుతో కొలవాలి. రెంటి తేడానే టో. స్టీరింగ్ రాడ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకుంటే, ఎంత తిప్పితే ఎన్ని మిల్లీమీటర్లు మారుతుందో ఒకసారి తెలిశాక ఇక భయం లేదు. రెండు వైపులా సమానంగా తిప్పాలి, లాక్ నట్ గట్టిగా బిగించాలి. మొదటిసారి నాకు మూడు గంటలు పట్టింది. ఇప్పుడు నలభై నిమిషాలు. అయినా నిజం చెప్పాలంటే ఇప్పుడు టో అవుట్ వాడటమే మానేశా. ల్యాప్‌కి అర సెకను పోయింది, పోనీ. సున్నా టో, మైనస్ 1.5 క్యాంబర్. అటు బయటి అంచు కొంచెం అరుగుతుంది, ఇటు లోపలి అంచు కొంచెం అరుగుతుంది.

అలా అరిగిన టైర్ల ఆయుష్షు పెంచడానికి ఇంకో దారి, రిమ్ నుంచి విప్పి తిరగేసి ఎక్కించడం. లోపలి అంచు బయటికి, బయటి అంచు లోపలికి వస్తాయి. మామూలు డిజైన్ టైరుకి ఇది తేలికే. బాణం గుర్తు ఉన్న టైరైతే తిరగేసి కారుకి అవతలి పక్క వేయాలి, అప్పుడు బాణం మళ్లీ ముందుకే ఉంటుంది. టైరు మీద 'అవుట్‌సైడ్' అని రాసి ఉంటే మాత్రం కుదరదు, ఆ వైపు బయటే ఉండాలి. కొనేటప్పుడే ఇది చూసుకుంటే మంచిది. ఎంతసేపూ గ్రిప్, ధర చూస్తాం గానీ ఇది ఎవరూ చూడరు.

అన్నట్టు, కావలిలో కొన్న రెండు కొత్త టైర్లని ముందు వేయించా. లాగేది ముందు చక్రాలే కదా అని. తర్వాత చదివితే తెలిసింది, టైరు కంపెనీల సలహా దానికి రివర్స్. కొత్తవి రెండే కొంటే వెనక వేయమంటారు. వానలో ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే దారికొస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది. ఇంటికొచ్చాక మార్పించా.

పోయిన నెల అమ్మకి మళ్లీ దర్శనం టికెట్లు దొరికాయి. ఈసారి మధ్యాహ్నమే బయల్దేరదామంది. బ్యాగులు సర్దుతుంటే నేను గేజ్ తీసుకొని కిందకి దిగా. వెనకాలే అమ్మ కూడా వచ్చింది.

"స్టీరింగ్ తిప్పావా?"

"తిప్పానమ్మా."

ఫోన్ టార్చ్ ఆన్ చేసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని చక్రం పక్కన కూర్చుంది. నేను కొలుస్తుంటే అంకెలు పైకి చదవమంది. ఎడమ ముందు.. లోపల 5.6, మధ్యలో 5.9, బయట 5.5.

"పాసేనా?"

"పాసే."

"రెండోది కూడా చూడు. ఆ రోజు రెండూ పోయాయి."